అరిగేది గుజ్జు, పెరిగేది బేరం

వసంత పంచమి నాడు బాసర అక్షరాభ్యాస మండపంలో ఇసుక వేస్తే రాలదు. నేల మీద మఠం వేసుకుని కూచున్న తల్లిదండ్రులు, ఒడిలో మూడేళ్ల పిల్ల, ముందు పలక, పళ్లెంలో బియ్యం. పంతులు పిల్ల చెయ్యి పట్టి దిద్దిస్తుంటే ఫోన్లన్నీ అటే తిరిగాయి. నాయనమ్మ మాత్రం స్తంభానికి ఆనుకుని నిలబడే ఉంది. "ఇటు రా అత్తమ్మా, కూసో" అని కోడలు పక్కన జాగా చూపించింది. "నేను కూసుంటే మళ్ల లేపనీకి ఇద్దరు మొగోళ్లు రావాలె. మీరు కానియ్యుండ్రి" అంది పెద్దావిడ. మనవరాలి మొదటి అక్షరాన్ని ఆమె ఆరడుగుల దూరం నుంచి, మెడ చాపి చూసింది.

వాళ్లది భైంసా వైపు ఊరు. ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. క్యూలో పరిచయమైన కొడుకు చెప్పాడు: "మూడు సూదులు ఏపిచ్చినం సార్. గుజ్జు మళ్ల వస్తదన్నరు. రెండు నెల్లు మంచిగనే ఉండె. గుజ్జయితే రాలే." ఏ ఊళ్లో, ఏ ఆస్పత్రిలో అన్నది ఇక్కడ అనవసరం. మోకాళ్లలో గుజ్జు తెప్పిస్తామనే బోర్డులు లేని పట్టణం ఇప్పుడు మన దగ్గర లేదు.

అసలు చిక్కు ఆ 'గుజ్జు' అన్న మాటతోనే మొదలైంది. చింతపండు గుజ్జు, మామిడి గుజ్జు మనకు తెలుసు. పిసికితే వస్తుంది, తక్కువైతే ఇంకాస్త కలుపుకోవచ్చు. బడి పుస్తకంలో దీని పేరు మృదులాస్థి, ఇంగ్లీషులో కార్టిలేజ్. మృదులాస్థి అన్న మాట పరీక్ష రాసిన మర్నాటి నుంచి ఎవరి నోటా వినపడదు. రోగికి అర్థం కావాలని డాక్టర్లు గుజ్జు అన్నారు, రోగులు అదే పట్టుకున్నారు, అమ్మేవాళ్లు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. గుజ్జు అనేసరికి అది తగ్గితే పోసుకోవచ్చన్న ఆశ దానంతటదే పుడుతుంది. బండిలో ఆయిల్ పోయించినట్టు మోకాలిలోకి సూదితో ఎక్కించుకుంటే సరిపోతుందనిపిస్తుంది. బెండకాయ నానబెట్టిన నీళ్లు, మేక కాళ్ల పాయ, కొల్లాజెన్ పొడి డబ్బాలు, అన్నీ ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతున్నాయి.

ఆ వస్తువును కళ్లతో చూడాలంటే మటన్ దుకాణానికి వెళ్లండి. కాలి కీలు విడదీసినప్పుడు ఎముక కొసన లేత నీలి ఛాయతో మెరిసే తెల్లటి పొర కనిపిస్తుంది. వేలు పెడితే జారిపోతుంది, గోటితో గీకితే ఊడిరాదు. మన మోకాలిలో ఉన్నదీ అదే. మందం చాలా చోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లు. బరువులో దాదాపు మూడొంతులు నీరే. ఆ నీటిని పట్టి ఉంచే పదార్థాలు, వాటిని బిగించి కట్టే కొల్లాజెన్ పోగులు, మధ్య మధ్య విసిరేసినట్టు కొన్ని కణాలు. కణాల వాటా నూటికి రెండు పాళ్లు ఉంటే గొప్ప. రక్తనాళం ఒక్కటీ లేదు, నరం ఒక్కటీ లేదు. చర్మం తెగితే రక్తం కారుతుంది, గడ్డ కడుతుంది, పొక్కు లేస్తుంది, మానుతుంది. ఈ పొర తెగితే రక్తమే రాదు కాబట్టి మానే తంతు మొదలే కాదు. నరం లేదు కాబట్టి నొప్పి కూడా తెలియదు. కింది ఎముక బయటపడి, చుట్టూ పొరలు వాచి, అవి గోల చేస్తే గాని మనకు కబురు అందదు. అప్పటికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

దానికి తిండి ఎలా అందుతుందన్నదీ తెలుసుకోవలసిన సంగతే. అడుగు వేసినప్పుడు పొర నొక్కుకుని లోపలి నీరు కొంత బయటికి వస్తుంది. అడుగు ఎత్తగానే కీలులోని ద్రవాన్ని, దాంతోపాటు పోషకాలను లోపలికి పీల్చుకుంటుంది. తడిగుడ్డ పిండి మళ్లీ నీళ్లలో వదిలినట్టు. కాలు కదలకపోతే ఈ పొరకు పస్తే. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మంచం దిగకపోతే మంచిదన్న మన ఇళ్లలోని నమ్మకం ఇక్కడే తప్పుతుంది.

పుండు పడిన ఈ పొర ఒకసారి నాశనమైతే మళ్లీ పూడదని స్కాట్లండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసిన శరీర శాస్త్రవేత్త విలియం హంటర్ 1743లోనే రాశాడు. డెన్మార్క్ పరిశోధకులు 2016లో దానికి విచిత్రమైన సాక్ష్యం తెచ్చారు. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ పెరిగింది. ఆ కాలంలో పెరిగినవాళ్ల ఒంట్లోకి అది చేరింది. దాన్ని గుర్తుగా పెట్టుకుని మోకాలి పొరలోని కొల్లాజెన్ ఏ ఏళ్లలో తయారైందో లెక్క కట్టారు. తేలిందేమంటే, ఎదిగే వయసులో నేసిన కొల్లాజెన్ పోగులే జీవితాంతం ఉంటాయి. పెద్దయ్యాక కొత్తవి దాదాపు నేయబడవు. జబ్బు పడిన కీలులో కూడా అంతే. బాసరలో పలక పట్టిన ఆ పిల్ల మోకాళ్లలో ఇప్పుడు నేస్తున్న గుడ్డనే డెబ్భై ఏళ్లప్పుడూ కట్టుకోవాలి. ఇది తెలిశాక డబ్బా మీద రాసిన 'కొల్లాజెన్' చదివితే నవ్వు వస్తుంది. కడుపులోకి వెళ్లిన కొల్లాజెన్ పప్పు, గుడ్డు లాగే అరిగి ముక్కలైపోతుంది. అది దారి కనుక్కుని మోకాలికే వెళ్లాలని ఏముంది?

ఇంత చెప్పాక 'మరమ్మతు' అన్న మాటకు తావుందా అంటే, ఉంది. గట్టిగానే ఉంది. అయితే ఏ మోకాలికి అన్నదే ప్రశ్న.

వానాకాలంలో మన రోడ్లను చూసినవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. చుట్టూ తారు గట్టిగా ఉండి మధ్యలో ఒక గుంత పడితే పూడ్చవచ్చు. తారంతా లేచిపోయి కంకర తేలిన రోడ్డు మీద గుంతలు పూడ్చే పని పెట్టుకుంటే బిల్లులు లేస్తాయే తప్ప బస్సు నడవదు. కార్టిలేజ్ మరమ్మతు అని ప్రపంచమంతా పిలిచే శస్త్రచికిత్సలన్నీ గుంత పూడ్చేవే. ఆటలో, ప్రమాదంలో దెబ్బ తిన్న పడుచు మోకాలిలో, చుట్టూ పొర ఆరోగ్యంగా ఉన్నచోట పడిన గుంతకు.

వాటిలో అన్నిటికన్నా సులువైనది ఎముకకు చిల్లులు పెట్టడం. అమెరికాలోని కొలరాడోలో మంచు మీద జారే ఆటగాళ్లకు వైద్యం చేసిన రిచర్డ్ స్టెడ్‌మన్ 1980లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. గుంత అంచులు శుభ్రం చేసి, బయటపడిన ఎముకలో సన్నటి మొనతో మూడు నాలుగు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున చిల్లులు పొడుస్తారు. మూలుగలోంచి రక్తం, దాంతోపాటు మూలకణాలు పైకి ఊరి గడ్డ కడతాయి. రక్తం లేకపోవడమే జబ్బు మూలమైతే రక్తాన్నే తెచ్చి పోద్దామన్నది తర్కం. గుంత పూడుతుంది. పూడ్చిన సరుకు మాత్రం అసలుది కాదు, మచ్చలాంటి ముతక పొర. మొదటి రెండేళ్లు బాగుంటుంది, తర్వాత అరుగుతూ వస్తుంది. గుంత చిన్నదైతే, అంటే రెండు చదరపు సెంటీమీటర్ల లోపయితే, ఇది మోసం చేయదు.

రెండోది వరి నారుమడి చూసినవాళ్లకు వెంటనే తడుతుంది. బరువు పడని మూల నుంచి ఎముకతో సహా చిన్న చిన్న కడ్డీల్లా పొరను తీసి, గుంతలో పక్కపక్కనే నాటుతారు. హంగరీకి చెందిన లాస్లో హాంగోడీ 1990ల మొదట్లో దీన్ని ఒక పద్ధతికి తెచ్చారు. నాటేది అసలు పొరే కావడం దీని బలం. తీసేందుకు అదనపు మడి లేకపోవడం బలహీనత. ఒక చోట పూడ్చడానికి ఇంకోచోట తవ్వాలి, కాబట్టి పెద్ద గుంతలకు పనికిరాదు.

మూడోదే అందరినీ ఊరించేది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1987లో లార్స్ పీటర్‌సన్ బృందం మొదటిసారి చేసింది. సన్నటి గొట్టంతో మోకాలిలోకి వెళ్లి, అంచు నుంచి బియ్యపు గింజలంత ముక్కలు రెండు మూడు తీస్తారు. ప్రయోగశాలలో అందులోని కణాలను విడదీసి, కొన్ని వారాలు పెంచి, లక్షల నుంచి కోటి దాకా చేస్తారు. మళ్లీ మోకాలు తెరిచి గుంతలో విత్తుతారు. మొదట్లో కాలి ఎముక మీది పలుచటి పొరను కోసి మూతలా కుట్టి, దాని కింద కణాలను పోసేవారు. ఆ కుట్లు ఎంత సన్నవంటే కంటి ఆపరేషన్‌ను తలపించేవి. తర్వాత కణాలను కొల్లాజెన్ పొర మీదే పెంచి బిళ్లలా అతికించడం వచ్చింది. ఆ రకానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 డిసెంబరులో అనుమతి ఇచ్చింది.

స్వీడన్ బృందం 1994లో 23 మంది ఫలితాలు ప్రకటించింది. తొడ ఎముక కొసన చేసిన 16 మందిలో 14 మందికి రెండేళ్ల తర్వాత బాగుంది. మోకాటి చిప్ప వెనక చేసిన ఏడుగురిలో ఇద్దరికే బాగుంది. పత్రికలు పద్నాలుగును రాశాయి, ఇద్దరిని వదిలేశాయి. ఏ కొత్త వైద్యం విషయంలోనైనా నేను ముందు వెతికేది ఆ వదిలేసిన అంకెనే.

నార్వేలో ఇంకా నిక్కచ్చి పరీక్ష జరిగింది. 80 మందిని చీటీ వేసి రెండుగా విడదీసి, సగం మందికి కణాలు విత్తారు, సగం మందికి చిల్లులు పెట్టారు. దాదాపు పదిహేనేళ్లు వెంటపడి చూసి 2016లో లెక్క చెప్పారు. కణాల వైపు 40 మందిలో 17 మందికి చికిత్స విఫలమైంది, చిల్లుల వైపు 13 మందికి. రెండింటికీ తేడా ఉందని చెప్పలేమన్నారు. రెండు వైపులా సుమారు సగం మంది మోకాళ్లలో అరుగుదల మొదలైన గుర్తులు ఎక్స్‌రేలో కనిపించాయి. అది పాత పద్ధతి కణాల చికిత్స, కొత్త రకాలు పెద్ద గుంతల్లో చిల్లుల కన్నా మెరుగ్గా పనిచేస్తున్నాయని తర్వాతి పరీక్షలు చెప్పాయి. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన మన్నిక ఎక్కువని అనుకోవడానికి లేదన్నది మాత్రం నార్వే చేతిలో పెట్టిన లెక్క. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శక సంస్థ 2017లో కణాల చికిత్సను ఒప్పుకుంటూనే మూడు కంచెలు వేసింది. గుంత రెండు చదరపు సెంటీమీటర్లకు మించాలి, అంతకు ముందు అక్కడ మరమ్మతు జరిగి ఉండకూడదు, మోకాలిలో అరుగుదల నామమాత్రంగానే ఉండాలి.

మన దేశంలోనూ ఇది దొరుకుతోంది. ముంబయి సంస్థ ఒకటి రోగి సొంత కణాలనే పెంచి జిగురులో కలిపి ఇచ్చే చికిత్సకు 2017లో కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం అనుమతి ఇచ్చింది. ముక్క విమానంలో వెళ్లి, కణాలై తిరిగి రావాలి. ఖర్చు లక్షల్లో. హైదరాబాద్ పెద్ద ఆస్పత్రుల దాకా వెళ్లగలిగినవాళ్లకే దాని పేరు తెలుస్తుంది.

ఇప్పుడు బాసరకే తిరిగి వద్దాం. ఈ చికిత్సకు సరిపోయే మోకాళ్లు ఇక్కడ లేవా? బోలెడు. అమ్మవారి గుడికి కొద్ది దూరంలోనే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి కాగానే చేరి ఆరేళ్లు అక్కడే చదివే పల్లెటూరి పిల్లలు వేలమంది. కబడ్డీ, వాలీబాల్ ఆడతారు. కూతకు వెళ్లినవాడి కాలు ఒకరు పట్టి, నడుం ఇంకొకరు పట్టి గుంజినప్పుడు మోకాలు మెలి తిరుగుతుంది. 'టక్' మని చప్పుడు, సాయంత్రానికి వాపు. లోపలి లిగమెంట్ తెగి ఉండవచ్చు, దాంతోపాటు పొర పెచ్చు ఊడి ఉండవచ్చు. బెణికింది అంటారు, పసరు కట్టు వేస్తారు. ఎక్స్‌రే తీస్తే "ఎముకకు ఏం కాలేదు" అని కాగితం చేతికి వస్తుంది. నిజమే, ఎక్స్‌రేకు ఈ పొర కనపడదు. రెండు ఎముకల మధ్య సందు ఎంతుందో చెబుతుంది, అంతే. పొరను చూడాలంటే ఎంఆర్ఐ కావాలి. వాపు తగ్గాక పిల్లవాడు మళ్లీ ఆడతాడు, మోకాలు అప్పుడప్పుడు పట్టు తప్పుతుంది, ఒక్కోసారి బిగుసుకుపోతుంది. తెగిన లిగమెంట్‌తో నడిచిన ప్రతి ఏడూ గుంతను వెడల్పు చేస్తుంది. పద్దెనిమిదేళ్లప్పుడు చిల్లులతో పోయేది ముప్పై అయ్యేసరికి కణాలు విత్తినా నిలవదు. మరమ్మతు చేయించుకోవలసిన వాడు ఆస్పత్రికే రాడు. అది పనికిరాని వయసులో ఉన్న నాయనమ్మను మాత్రం వెతికి మరీ పిలుస్తారు. మన దగ్గర ఈ వైద్యం తలకిందులుగా నడుస్తోందని నేను అంటున్నది ఇందుకే.

నాయనమ్మకు ఏం అమ్ముతున్నారో చూద్దాం.

ఒకప్పుడు గొట్టం వేసి మోకాలు కడిగేవారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద జరిపిన పరీక్షలో కొందరికి నిజంగా కడిగారు, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేసి పంపారు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. రెండేళ్ల తర్వాత నొప్పిలో తేడా లేదని 2002లో ప్రకటించారు. స్టెరాయిడ్ సూది నొప్పిని కొన్ని వారాలు అణుస్తుంది, మనవరాలి పెళ్లి ముందు ఒకటి వేయించుకుంటే తప్పు పట్టలేం. మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లు వేస్తే ఏమవుతుందో 2017లో తేలింది. ఉప్పునీటి సూది వేసినవాళ్ల కన్నా వాళ్లకు పొర ఎక్కువ పలచబడింది, నొప్పిలో మేలు కూడా కనిపించలేదు. ఊళ్లలో నొప్పి లేచినప్పుడల్లా సూది అడిగేవాళ్లకు, అడిగిందే తడవుగా పొడిచేవాళ్లకు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పాలి.

ఇప్పుడు నడుస్తున్న పేరు పీఆర్‌పీ. రోగి రక్తం తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న పసుపుపచ్చ ద్రవాన్ని మోకాలిలోకి ఎక్కిస్తారు. సొంత రక్తమే కదా అని ధైర్యం. ఆస్ట్రేలియాలో 288 మందిలో కొందరికి ఇది, కొందరికి ఉప్పునీళ్లు ఎక్కించి ఏడాది చూశారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం నొప్పి రెండు వైపులా తగ్గింది, దాదాపు సమానంగా. పొర పరిమాణం రెండు వైపులా తరిగింది, అదీ దాదాపు సమానంగానే. కొన్ని చిన్న పరీక్షల్లో కొందరికి నొప్పి ఉపశమనం ఎక్కువ కనిపించిన మాట నిజం. "నొప్పికి ప్రయత్నిద్దాం" అని చెప్పి వేసే డాక్టరుతో నాకు పేచీ లేదు. భైంసా కుటుంబానికి చెప్పింది ఆ మాట కాదు, "గుజ్జు వస్తది" అని. నొప్పి తగ్గించే మందును గుజ్జు పెంచే మందుగా అమ్మడంలోనే బేరమంతా ఉంది. రెండు నెలలు హాయిగా ఉంటే గుజ్జు వచ్చిందనుకుని రెండో విడతకు డబ్బు కూడబెడతారు.

మూలకణాల సంగతి మరికొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప మిగతా మూలకణ చికిత్సలను అనుమతి పొందిన పరీక్షల్లోనే వాడాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెప్పాయి. ఆ తర్వాత బెంగళూరు సంస్థ స్టెమ్‌ప్యూటిక్స్ దాతల మూలుగ కణాలతో తయారు చేసిన సూదిమందుకు, పరీక్షలు జరిపి, 2022లో మోకాళ్ల అరుగుదలకు అనుమతి తెచ్చుకుంది. ఆ పరీక్షలో నొప్పి, బిగుసుకుపోవడం తగ్గాయి. పొర విషయంలో వాళ్లు చెప్పుకున్నది కూడా కొత్తగా పెరిగిందని కాదు, ఏడాదిలో మరింత పాడవలేదని. అది చిన్న విషయమేమీ కాదు. ఆ అనుమతి ఆ ఒక్క మందుకు, ఆ జబ్బులో కొన్ని దశలకే. దాన్ని చూపించి పొట్ట కొవ్వు తీసి అక్కడికక్కడే కడిగి ఎక్కించేవాళ్లకు అది వర్తించదు. బోర్డు మీద 'స్టెమ్ సెల్' అని ఉంటే ఏ మందు, ఎవరి అనుమతి అని అడిగే హక్కు రోగికి ఉంది. అడిగితే కోపం తెచ్చుకునే చోట చెప్పులు వేసుకుని బయటికి రావడమే మేలు.

ప్రయోగశాలల నుంచి మంచి కబుర్లు రాకపోలేదు. వయసుతో పెరిగే ఒక ఎంజైమును అడ్డుకుంటే ముసలి ఎలుకల మోకాళ్లలో పొర తిరిగి మందమెక్కిందని 2025 నవంబరులో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మోకాలు మార్చినప్పుడు తీసేసిన మనుషుల పొర ముక్కల్లోనూ ఆశ పుట్టించే మార్పు చూశారు. హంటర్ మాటకు ఎన్నడో ఒకనాడు జవాబు దొరకవచ్చు. ఎలుక నుంచి మనిషికి ఉన్న దూరం బాసర నుంచి హైదరాబాద్‌కు ఉన్నంత కాదు మరి.

అంతదాకా బాగా అరిగిన మోకాలికి నమ్మదగిన ఆపరేషన్లు రెండే. లోపలి వైపు మాత్రమే అరిగి కాళ్లు దొడ్డికాళ్లుగా వంగుతున్న నడివయసు వాళ్లకు, మోకాలి కింద ఎముకను కోసి వంపు సరిచేస్తే బరువు బాగున్న వైపుకు మారుతుంది. సొంత కీలు మరో పదేళ్లు ఆడుతుంది. వడ్లబస్తాలు మోసే రైతుకు ఇది బాగా కుదిరే ఆపరేషన్, పెద్ద సొగసైన పేరు లేకపోవడం వల్ల ఎవరూ ప్రకటనలు ఇవ్వరు. రెండోది కీలు మార్పిడి. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి ధరకు కళ్లెం వేసి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకాన్ని పన్ను కాకుండా 54,720 రూపాయలకు దించింది. అంతకు ముందు అదే లోహాన్ని లక్షన్నర దాకా అమ్మేవారు. లోహం ధరకు హద్దు ఉంది గాని, గది అద్దెకు, ఆపరేషన్ థియేటర్‌కు, 'ప్యాకేజీ' అన్న పదానికి హద్దు లేదు.

కీలు మార్చుకున్న వాళ్లను నడిపించడం వైద్యానికి చేతనవును. నేల మీద కూచోబెట్టడమే కష్టం. ఈ చికిత్సలన్నీ కుర్చీల్లో బతికే దేశాల్లో పుట్టినవి. అక్కడ మోకాలు తొంభై, వంద డిగ్రీలు వంగితే రోజు గడిచిపోతుంది. గొంతుక్కూచోవాలంటే అది నూట ముప్పై దాటి వంగాలి. కలుపు తీయడానికి, కల్లంలో చెరగడానికి, గోదావరి మెట్ల మీద దీపం వదలడానికి, ఊరి చివర మరుగుకు వెళ్లడానికి మనకు ఆ ఆఖరి ముప్పై నలభై డిగ్రీలే ముఖ్యం. ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు రాసిన రోజునే "ఇంక కింద కూసోవద్దట" అని ఇంట్లో ఏడ్చిన పెద్దవాళ్లను నేను చూశాను.

మరి ఈ మోకాళ్లు ఇంతగా ఎందుకు అరుగుతున్నాయి? దేశంలో అయిదు ప్రాంతాల్లో జరిపి 2016లో ప్రచురించిన సర్వేలో 28.7 శాతం మందికి మోకాలి అరుగుదల కనిపించింది, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. లావెక్కడం వల్ల అని వెంటనే అనేస్తారు. బరువు నిజంగానే ముఖ్యం, ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చెప్పారు. కానీ భైంసా నాయనమ్మ లావుగా లేదు. బీజింగ్‌లో వయసు మళ్లిన ఆడవాళ్లు అమెరికా ఆడవాళ్ల కన్నా సన్నగా ఉన్నా వాళ్లకే మోకాళ్ల అరుగుదల ఎక్కువని ఇరవై ఏళ్ల కిందటే తేలింది. వయసులో ఉండగా రోజూ గంటల తరబడి గొంతుక్కూచున్నవాళ్లలో అది మరీ ఎక్కువ. మఠం వేసుకోవడమే నేరమని నేను అనను, లేస్తూ కూచుంటూ ఉండే ఒంటికి అది మేలే చేస్తుంది. పది గంటలు కదలకుండా కూచోవడం వేరు. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో పొద్దున్నే తునికాకు తడిపి, ఒడిలో చాట పెట్టుకుని, వెయ్యి బీడీలు లెక్క తేలేదాకా లేవని ఆడవాళ్లు రెండు మూడు తరాలుగా ఉన్నారు. కదలికతోనే తిండి అందే పొరకు అన్ని గంటల పస్తు. తొడ కండ చిక్కిపోతుంది. లేచినప్పుడు ఆ బలహీనమైన కండ పట్టవలసిన బరువంతా ఎముక మీద పడుతుంది.

బీడీ కార్మికులకు 2015 నుంచి తెలంగాణ ప్రభుత్వం పింఛను ఇస్తోంది, 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. పొగాకు దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులను గురించి అప్పుడప్పుడు శిబిరాలు పెడతారు. మోకాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2010లో కేంద్రం మొదలుపెట్టిన దీర్ఘకాలిక జబ్బుల జాతీయ కార్యక్రమం మొదటి పేరులో క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బు, పక్షవాతం ఉండేవి, కీళ్లు ఉండేవి కావు. మనిషిని చంపని జబ్బు కదా.

దీనికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఉన్న మందు ఏ దుకాణంలోనూ దొరకదు. తొడ ముందు కండకు, పిరుదు కండకు బలం వచ్చే వ్యాయామం, వారానికి రెండు మూడు సార్లు, నేర్పేవాళ్ల కళ్లెదుట రెండు నెలలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, మెట్టు ఎక్కి దిగడం, కాలు చాపి ఎత్తి పట్టడం. డెన్మార్క్ దీన్నే ఒక పద్ధతిగా చేసి 2013 నుంచి దేశమంతా నేర్పుతోంది. మన దగ్గర "ఎక్సర్‌సైజులు చెయ్యమ్మా" అని బొమ్మల కాగితం చేతిలో పెట్టి పంపుతారు. చదువు రాని మనిషికి ఆ కాగితం బియ్యం డబ్బా కింద పరుచుకోవడానికి పనికొస్తుంది. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008 నుంచి, నిర్మల్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 నుంచి ఉన్నాయి. శస్త్రచికిత్స యంత్రాల కోసం రాసే ప్రతిపాదనల్లో సగం శ్రద్ధ ఫిజియోథెరపిస్టుల మీద పెట్టి, వారానికొక రోజు ముథోల్, బాసర, భైంసా ఆరోగ్య కేంద్రాలకు వాళ్లను పంపితే చాలామంది మోకాళ్లు ఆపరేషన్ దాకా వెళ్లవు. ట్రిపుల్ ఐటీ మైదానంలో మెలి తిరిగిన మోకాలిని రెండు వారాల్లో ఎంఆర్ఐ దాకా చేర్చే బాధ్యత కూడా వాళ్లకే అప్పగించవచ్చు. ఇది పెద్ద బడ్జెట్ పని కాదు. కాకపోతే ప్రారంభోత్సవానికి రిబ్బను దొరకదు.

మండపం బయట చెట్టు కింద అరుగు మీద ఆమె కాళ్లు చాపుకుని కూచుంది, మనవరాలు పలక మీద బలపంతో గీతలు గీస్తోంది. డాక్టరు ఇంకేమన్నారని అడిగాను.

"కిందికి కూసోవద్దన్నడు. కుర్సీల కూసొని చుట్టుమన్నడు."

"మరి చుడుతున్నారా?"

ఆమె నన్ను, పక్కనున్న కొడుకును మార్చి మార్చి చూసింది. "కుర్సీల కూసుంటే చాట యాడ పెట్టుకోవాలె కొడుకా? ఆకు యాడ పెట్టుకోవాలె, తంబాకు యాడ పెట్టుకోవాలె?" అంది. తర్వాత కొడుకు భుజం పట్టుకుని, ఎడమకాలు ముందు పెట్టి, పక్కవాటుగా అరుగు దిగింది.